గాలిబొమ్మలు: వానిని బాగుచేయుట, కూర్చుట

మన పాఠశాలలలో తపాలాబిళ్లలు కూర్చు బాలుని అందఱును మెచ్చుకొందురు. పాత నాణెములు కూర్చువానిని చరిత్ర ఎఱిగినవాడందురు. ఆకులను పుస్తకముల నడుమ ఒత్తి దాచు బాలికకు ప్రకృతిశాస్త్రమునందు అభిరుచి గలదని ఆమె తలిదండ్రులు పొరుగువారితో చెప్పుకొందురు. కాని చినిగిన గాలిబొమ్మలను తెచ్చి, వానికి మాసికలు వేసి, మరల గాలి నింపి, ఒక పెట్టెలో భద్రపఱచు పిల్లవాడు కనబడినచో ఇంటిలోను బడిలోను నవ్వువారే గాని మెచ్చువారు లేరు. "ఇంత పెద్దవాడవైతివి, ఇంకను బొమ్మలా?" అని యొకరు; "ఊరి చెత్తనంతయు ఇంటికి మోయుచున్నాడు" అని యొకరు. ఈ నవ్వు న్యాయము కాదని మా అభిప్రాయము. ఏల కాదో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయబూనితిమి.

గాలిబొమ్మలలో రెండు జాతులు గలవు. సాగెడి రబ్బరుతో చేయబడి ఊదినకొలదియు ఉబ్బునది మొదటిది. దీనిని మన మల్యాల, జగిత్యాల ప్రాంతమున బుగ్గ యందురు. కోస్తావారు బూర యందురు. రెండవది, సాగని ప్లాస్టికు పొరలను ఏనుగు, చేప, చిలుక, గద, విమానము మొదలగు ఆకారములుగా కత్తిరించి, అంచులను వేడిచే అతికి, ఒక బిరడా అమర్చి చేసినది. ఊదకముందు అది మడతపెట్టిన రుమాలువలె నుండును. ఊదినపిదప తన రూపమును పొంది అచ్చటనే నిలుచును. బుగ్గ ఒక పూట వేడుక మాత్రమే. దానికి చిల్లు పడినచో బాగుచేయుట దాదాపు అసాధ్యము; ఏలయనగా బిగువుగా సాగియున్న రబ్బరునందు సూదిమొనయంత చిల్లును క్షణములో పెద్ద చీలిక యగును. సంశయమున్నవారు ఊదిన బుగ్గపై పారదర్శకమైన అంటుపట్టీ నొకదానిని అంటించి, ఆ పట్టీ నడుమ గుండుసూది గ్రుచ్చి చూడవచ్చును. అది పేలదు, మెల్లగా గాలి విడుచును. చీలికను పరుగెత్తనీయక పట్టీ పట్టుకొనును. భౌతికశాస్త్రపు తరగతిలో ఒక గంట చెప్పినను తెలియని విషయము ఈ ఒక్క గుండుసూదితో తెలియును. ఇక బాగుచేయుటకును కూర్చుటకును తగినది రెండవ జాతియే. ఈ వ్యాసము దానినిగూర్చియే.

మల్యాల మండలమునందలి ముత్యంపేటకు చేరువనున్న కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రమును ఎఱుగనివారు ఈ జిల్లాలో లేరు. చైత్ర పూర్ణిమనాడు చిన్నజయంతికిని, వైశాఖ బహుళ దశమినాడు పెద్దజయంతికిని దీక్షాపరులును యాత్రికులును కొండకు తరలివత్తురు. దారికి ఇరుప్రక్కల పుట్నాలు పేలాలు, గాజులు పూసలు, వాని నడుమ బొమ్మల అంగళ్లు. బొంగుకఱ్ఱకు బుగ్గలు కట్టుకొని జనములో తిరుగువారును, గాలి నింపిన గదలను గుత్తిగా భుజమున వేసికొనినవారును అచ్చట కనబడుదురు. వేములవాడ శివరాత్రి జాతరలోను ఇదే దృశ్యము. బొమ్మల అంగడి యెదుట నిలిచిన పిల్లవానికి మతమెక్కడిది? మన పాఠశాలలోని పిల్లలలో ఆ గదను ఒక్కసారియైనను భుజమున మోయనివారు మిక్కిలి కొద్ది.

ఆ గద ఆయుర్దాయము ఎంత? కొండ దిగునప్పటికే కొన్నిటికి అతుకు ఊడును. ఇల్లు చేరిన మఱునాడు తుమ్మముల్లు గ్రుచ్చుకొనును. మూడవనాడు పెంటకుప్పపై పడును. పిల్లవాడు ఏడ్చును, తల్లి "వచ్చే జాతరకు మఱియొకటి కొందము" అనును. అంతటితో కథ ముగిసినట్లు అందఱును అనుకొందురు. కాని పెంటకుప్పపై కథ ముగియలేదు, మొదలైనది. ఈ బొమ్మలలో పెక్కింటిని పీవీసీ యను ప్లాస్టికుతో చేయుదురు. అందు క్లోరిను గలదు. కుప్పకు నిప్పుపెట్టినప్పుడు దానినుండి హైడ్రోజను క్లోరైడు వాయువును, డయాక్సినులను అతి విషపదార్థములును వెలువడును. కాల్చకున్నచో పశువులు మేయును. 2022 జూలై 1వ తేది నుండి మన దేశమున బుగ్గలకు కట్టు ప్లాస్టికు పుల్లలను నిషేధించిరి. మంచిదే. పుల్లను నిషేధించినవారు బొమ్మను నిషేధింపలేదు, నిషేధింపవలెనని మేమును కోరము; పిల్లల చేతిలోని బొమ్మను లాగికొనుట మా మతము కాదు. ఆ బొమ్మ మూడునాళ్లకు బదులు మూడేండ్లు బ్రదుకుటకు ఉపాయమున్నప్పుడు దానిని నేర్పకుండుట మాత్రము పెద్దల లోపమని చెప్పుచున్నాము.

ఇంతకంటె దగ్గఱి సంగతి యొకటి గలదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి ఎందఱో తండ్రులు దుబాయి, మస్కటు, సౌదీ మొదలగు దేశములకు కూలికై పోయియున్నారు. ఇంటివద్ద తల్లి బీడీలు చుట్టుచు పిల్లలను చదివించుచుండును. ఆ తండ్రి రెండేండ్లకో మూడేండ్లకో సెలవుపై వచ్చునప్పుడు పెట్టెలో ఏమి తెచ్చును? విమానమునందు సామానునకు తూకము కట్టుదురు. కఱ్ఱగుఱ్ఱము పట్టదు, ఇనుపబండి బరువు. మడతపెట్టిన గాలిబొమ్మ మాత్రము రెండు చొక్కాల నడుమ ఇముడును; ఇంటికి వచ్చి ఊదినప్పుడు పిల్లవానియంత ఏనుగగును. కనుకనే ఈ ప్రాంతపు పల్లెలలో గోడకు ఆనించిన డాల్ఫినులును, ఒంటెలును, విమానములును మేము తఱచుగా చూచుచున్నాము. సముద్రము ఎన్నడును చూడని పిల్లలకు డాల్ఫిను చుట్టమైనది.

అట్టి ఏనుగు నొకదానిని బడికి తెచ్చిన ఒక చిన్నవానిని మేమెఱుగుదుము. వెనుకకాలి అతుకువద్ద గాలి పోవుచుండెను. మాసిక వేయవలెనన్న ముందుగా గాలి తీసి చదునుచేయవలెను. బిరడాపై చేయివేయగానే వాడు ఏనుగును కౌగిలించుకొని, "ఇండ్ల గాలి మా బాపు ఊదిండు సార్, తియ్యద్దు" అనెను. తండ్రి తిరిగి పోయి అప్పటికి ఏడు నెలలైనది. ప్లాస్టికు పొర ఎంత మంచిదైనను దాని గుండ గాలి కొంచెము కొంచెముగా పోవుచునే యుండునని, బాపు ఊదిన గాలిలో ఎక్కువపాలు ఎప్పుడో పోయినదని శాస్త్రము చెప్పును. ఆ శాస్త్రమును ఆనాడు మేము వానికి చెప్పలేదు. చిల్లుపై తాత్కాలికముగా ఒక పట్టీ అంటించి పంపితిమి. తర్వాత కొన్ని వారములకు ఏనుగు మోకాళ్లపై కూలబడగా వాడే తెచ్చి, "ఇగ తియ్యుండ్రి సార్" అనెను. మాసిక వేసిన పిదప ఊదినవాడు వాడే.

బొమ్మ చెత్తయనువారు ఈ ఏనుగును చెత్తయందురేమో చెప్పవలెను.

బొమ్మలనుగూర్చిన చులకన విద్యావంతులలోనే ఎక్కువ యగుట వింత, ఏలయనగా గాలి నింపిన వస్తువుల చరిత్రయంతయు వారి పాఠ్యపుస్తకములలోని పేళ్లతోనే నిండియున్నది. గాలిని తోలులో బంధించుట మానవునకు మిక్కిలి ప్రాచీనమైన విద్య. క్రీస్తుపూర్వము తొమ్మిదవ శతాబ్దమునాటి అసీరియా రాజు అషుర్‌నాసిర్‌పాలుని కోటనుండి తెచ్చిన శిలాఫలకమునందు, గాలి నింపిన తోలుతిత్తులను పొట్టక్రింద పెట్టుకొని సైనికులు ఏఱు దాటుచున్నట్లు చెక్కియున్నారు. అది నేడు లండనునందలి బ్రిటిషు మ్యూజియములో నున్నది. మన కమ్మరి కొలిమితిత్తియు ఆ కుటుంబములోనిదే. 1824లో మైకేలు ఫారడే పండితుడు లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఉదజనిపై పరీక్షలు చేయుటకై రెండు రబ్బరు పొరలను ఒకదానిపై నొకటి పెట్టి, నడుమ అంటుకొనకుండ పిండి చల్లి, అంచులను ఒత్తి సంచిగా చేసెను. నేటి రబ్బరు బుగ్గకు అదియే తాత. రెండు పొరలు, అతికిన అంచు, నడుమ గాలి: ఇప్పటి ప్లాస్టికు ఏనుగును చేయు విధమును ఇంతకు మించి వేఱు కాదు, చేతితో ఒత్తుటకు బదులు యంత్రముచే వేడిచేసి అతుకుచున్నారు, అంతియే.

ఇంగ్లండునందలి రగ్బీ పట్టణమున రిచర్డ్ లిండన్ అను చెప్పులు కుట్టు పనివాడుండెను. ఆ కాలమున బంతుల లోపల పంది మూత్రాశయమును పెట్టి నోటితో ఊదెడివారు. అతని భార్య ఆ పని చేసి చేసి రోగగ్రస్తురాలై మరణించెనని చెప్పుదురు. 1862 ప్రాంతమున లిండన్ రబ్బరు తిత్తిని, దానికి గాలికొట్టు పంపును కల్పించెను. మన పిల్లలు సాయంకాలము తన్నుచున్న బంతి ఆ వంశములోనిది. ఇక జాన్ బాయిడ్ డన్‌లప్ సంగతి. బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు ఈయన 1887లో తన చిన్నకుమారుని మూడుచక్రముల బండి రాళ్లదారిపై ఎగిరెగిరి పడుచుండగా చూచి, రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టెను. మఱుసటి యేట దానికి హక్కుపత్రమును పొందెను. థామ్సన్ అను మఱియొకరు 1845లోనే ఇట్టిది కనుగొనియుండినను అది వాడుకలోనికి రాలేదు. లోకమంతయు నేడు గాలిచక్రములపై పరుగెత్తుచున్నదన్నచో, అందుకు మూలము ఒక తండ్రి తన బిడ్డ ఆటబండిని బాగుచేయబూనుటయే.

ప్లాస్టికు వచ్చినది తర్వాత. పీవీసీ స్వభావముచే గట్టిది, పెళుసుది. 1926లో అమెరికాలోని గుడ్‌రిచ్ సంస్థలో వాల్డో సెమన్ అను రసాయనజ్ఞుడు దానిలో కొన్ని నూనెవంటి ద్రవ్యములను కలిపి మెత్తగా వంగునట్లు చేసెను. ఈ మెత్తచేయు ద్రవ్యమే బొమ్మకు ప్రాణము, బొమ్మకు రోగమును అదియే. ఏండ్లు గడచినకొలది అది మెల్లగా పైకి ఊరును. బొమ్మ జిగటయగును, పిదప పెళుసై మడతలవద్ద పగులును. ఆ ద్రవ్యములలో థాలేటులను కొన్నిటిని పిల్లల బొమ్మలలో వాడకుండ యూరపు దేశములు 1999లో తాత్కాలికముగను 2005లో శాశ్వతముగను, అమెరికా 2008లోను కట్టడి చేసెను. మన దేశమున 2021 జనవరి 1వ తేది నుండి 14 ఏండ్ల లోపు పిల్లల బొమ్మలపై ఐఎస్ఐ ముద్ర ఉండవలెనను నియమము అమలులోనికి వచ్చినది. కనుక పాత బొమ్మలను కూర్చువారు వానిని చంటిపిల్లల నోటికి అందనీయరాదు, ముట్టిన పిదప చేతులు కడుగుకొనవలెను.

ఇక బాగుచేయు విధము. సైకిలు పంచరు వేయుట చూచిన ప్రతివాడును ఇది తనకు తెలిసిన పనియే యనుకొనును. కాదు. ట్యూబునకు వేసిన మాసికను లోపలి గాలి బయటికి త్రోయును, బయటనున్న టైరు దానిని మరల లోపలికి అదుముచుండును. అందుచే మాసిక ఎటును కదలలేదు. బొమ్మకు టైరు లేదు. మాసికను పట్టుకొనునది అంటు ఒక్కటియే. అదిగాక ట్యూబులకు వాడు సొల్యూషను రబ్బరును పట్టునే గాని పీవీసీని పట్టదు; రెండు మూడు దినములలో తొక్కవలె ఊడివచ్చును. తొందరపడువారు ఫెవిక్విక్ వేయుదురు. అది గాజువలె బిగిసి, బొమ్మ వంగినప్పుడెల్ల పగిలి, మొదటి చిల్లుకు ప్రక్కన రెండవ చిల్లు చేయును. పీవీసీని కొంచెము కరగించి తనలో కలుపుకొను వినైలు అంటు వేఱుగా దొరకును, పట్టణములలో ప్లాస్టికు గొట్టముల అంగళ్లవారికి దాని గుణము తెలియును. ఈ అంట్లు ఘాటైన ఆవిరి విడుచును, సులభముగా నిప్పు అంటుకొనును. అందుచే పెద్దవారి యెదుట, గాలి వీచుచోట, పొయ్యికి దూరముగా మాత్రమే ఈ పని చేయవలెను. ఒంటరిగా మూసిన గదిలో కూర్చుండి చేయు బాలుని చేతినుండి ఆ డబ్బీని మేమే లాగికొందుము.

చిల్లును కనుగొనుటయే సగము పని. తెల్లవాఱుజామున బొమ్మ వదులైనది గనుక చిల్లున్నదని తీర్మానింపరాదు. గాలి చల్లబడిన కుంచించుకొనును. మన వేసవిలో ఉదయము 27 డిగ్రీలున్న గాలి మధ్యాహ్నము 45 డిగ్రీలకు చేరినచో, తాకిడి మాఱకున్న, నూటికి ఆఱుపాళ్లు వ్యాకోచించును. రాత్రికి మరల తగ్గును. కావున నేడు ఏ గంటకు చూచితిమో రేపును అదే గంటకు చూడవలెను. అప్పుడును వదులైనచో మొదట బిరడాను శంకింపవలెను, పిదప బిరడా చుట్టునున్న అతుకును, పిదప చెవులు కాళ్లు తోకల కొనలను. మడతలు పడునవి అవియే. సబ్బునీటిని దూదితో పూసి చూచినచో చిల్లువద్ద సన్నని బుడగలు లేచును. కలముతో గుఱుతు పెట్టి, గాలి తీసి, సబ్బు కడిగి, బాగుగా ఆఱబెట్టి, చచ్చిన బొమ్మ నుండి కత్తిరించిన అదేజాతి ముక్కను గుండ్రముగా చేసి అంటింపవలెను. మూలలున్న ముక్క మూలవద్దనే లేచును. కత్తెర పట్టిన ప్రతి పిల్లవాడును చతురస్రమునే కత్తిరించుట ఏలనో మాకు తెలియదు. బరువైన పుస్తకము క్రింద ఒక రాత్రి ఉంచవలెను. నిఘంటువునకు ఇంతకంటె నిత్యోపయోగము మా పాఠశాలలో కనబడుట లేదు.

నోటితో ఊదుట కంటె పంపుతో కొట్టుట మేలు. ఊపిరిలోని తేమ లోపల నిలిచి బూజు పట్టించును. అయితే సైకిలు పంపు బలము సైకిలునకు తగినది. బొమ్మ దానికి తట్టుకొనదు. ఫుట్‌బాలునకు నియమము ప్రకారము 0.6 మొదలు 1.1 వాతావరణముల పీడనము ఉండవలెను. గాలిబొమ్మకు అందులో అతి స్వల్పభాగము చాలును. అతుకువద్ద ముడుతలు పోగానే నిలుపవలెను. నిండుగా ఊది మధ్యాహ్నపు టెండలో విడిచినచో ఏమగునో పైని చెప్పిన లెక్కయే చెప్పును.

ఇచ్చట రెండు సంగతులు కఠినముగా చెప్పక తప్పదు. మాసిక వేసిన ఈతచట్రము గోడకు వ్రేలాడదీయుటకే గాని నీటిలోనికి కాదు. క్రొత్తదైనను అది ప్రాణరక్షణ సాధనము కాదు, ఆటవస్తువు. జగిత్యాల ప్రాంతమున పాఱు కాకతీయ కాలువ లోతును వేగమును ఎఱిగినవారికి ఇంతకుమించి చెప్పనక్కఱలేదు. పగిలిన బుగ్గముక్కను పెదవులపై సాగదీసి, లోనికి పీల్చి, చిన్నబుడగగా మెలిపెట్టి, స్నేహితుని నుదుట పేల్చు ఆట మన పిల్లలందఱికిని తెలిసినదే. ఆ రబ్బరు ముక్క జారి గొంతులో చిక్కినచో ఊపిరిగొట్టమును మూసివేయును. దానిని వెలికి తీయుట వైద్యులకును కష్టము. అమెరికాలో 1994నాటి చట్టము ననుసరించి ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు ఈ అపాయము గలదని బుగ్గల పొట్లములపై అచ్చువేయుచున్నారు. మన జాతరలో అమ్మువాడు పొట్లముతో అమ్మడు గనుక ఆ హెచ్చరికను తల్లులే చెప్పవలెను.

కూర్చుటనుగూర్చి మా అభిప్రాయము కొందఱికి నచ్చకపోవచ్చును. యూరపు, అమెరికా, జపానులలో గాలిబొమ్మలు కూర్చు పెద్దలు కలరు. 1960లో జపానునందు దక్కోచాన్ అను చిన్న ప్లాస్టికు బొమ్మ, చేతిని కౌగిలించుకొని వ్రేలాడునది, దేశమునంతయు ఊపివేసెను; నేటికిని దానిని వెదకి కొనువారున్నారు. వారిలో కొందఱు పొట్లము విప్పని బొమ్మకే విలువ కట్టుదురు. ఊదని గాలిబొమ్మ గాలిబొమ్మ యెట్లగును? ఎవరును ఆడుకొనని బొమ్మను, ఎవరును చదువని పుస్తకమువలె, చూచి మేము జాలిపడుదుము. మా మనస్సునకు నచ్చినది జపానువారిదే మఱియొకటి గలదు. అచ్చట సన్నని కాగితపు ముక్కలను అతికి చేసిన కాగితపు బుగ్గలున్నవి. తొయామా ప్రాంతపు మందులమ్మువారు ఇంటింటికి తిరుగుచు పిల్లలకు వానిని కానుకగా నిచ్చెడివారు. కాగితమే గనుక చినిగినచోట చిటికెడు జిగురుతో మరల అతుకవచ్చును.

మాసిక కనబడకుండ దాచుటయు మాకు ఇష్టము కాదు. సిరిసిల్లలో మగ్గముపై పోగు తెగినచో పనివాడు ముడివేసి సాగిపోవును. పోగు తెగినదని బట్టను పాఱవేయువాడును లేడు, ముడి యున్నదని సిగ్గుపడువాడును లేడు. ప్రతి బొమ్మకును ఒక చీటి కట్టి, ఎచ్చట కొన్నది, ఎవరిచ్చినది, ఎప్పుడు చినిగినది, ఏ అంటుతో అతికినది, ఎన్నినాళ్లు నిలిచినది వ్రాసియుంచినచో ఆ పెట్టె ప్రయోగశాల యగును. చీటి లేని పెట్టె వట్టి మూట. ఇట్టి కూర్పునకై క్రొత్త బొమ్మలు కొనుటను మాత్రము మేమంగీకరింపము. డబ్బున్న పిల్లవాని పెట్టె పెద్దదగుటకు మా పాఠశాల స్థలము కాదు. ఇతరులు పాఱవేసినవానినే చేర్చవలెను. దాచునప్పుడు సుద్దపొడి గాని ముఖమునకు వాడు పౌడరు గాని చల్లి, నూలుగుడ్డలో చుట్టి, ఎండ తగులనిచోట పెట్టవలెను. ప్రతిసారియు ఒకే మడతపై మడువరాదు. థర్మోకోలు పెట్టెలో ఎన్నడును పెట్టరాదు. బొమ్మనుండి ఊరు ద్రవ్యము థర్మోకోలును కరగించి, రెండును విడదీయరాని ముద్ద యగును.

"చదువు చెడును" అను ఆక్షేపణకు పైని వ్రాసినదే సమాధానము. పీడనము, వ్యాకోచము, రసాయనబంధము ఇవి మూడును పదవతరగతి లోపలి పాఠములే. కొట్టినను పడిపోక లేచునట్టి గాలిబొమ్మ అడుగున ఇసుకయో నీరో ఉండును. తంజావూరు బొమ్మ రహస్యమును అదియే, గురుత్వకేంద్రము క్రిందనుండుటయే. "క్రొత్తది చవుక గదా" అనువారి మాట కొంత నిజము. చవుకయే. కాని ఆ చవుకబొమ్మను కొనలేని ఇండ్లు మన ఊళ్లలో గలవు, దుబాయినుండి వచ్చినదాని వంటిది ఎంత డబ్బిచ్చినను మరల దొరకని ఇండ్లును గలవు. వీరిద్దఱి విషయమును విడిచి, కొనగలిగినవాని లెక్కనే లోకపు లెక్క యనుట మాకు సమ్మతము కాదు.

కావున వచ్చు వార్షిక ప్రదర్శనమునందు తపాలాబిళ్లల బల్ల ప్రక్కన గాలిబొమ్మలకును ఒక బల్ల వేయవలెనని పాఠశాల పెద్దలను కోరుచున్నాము. పరీక్షకునిగా పట్టభద్రు నెవరినో పిలుచుటకు బదులు బజారులో పంచరులు వేయు పనివానిని పిలువవలెను. అతుకు మంచిదో చెడ్డదో మాకంటె అతని బొటనవ్రేలికి ఎక్కువ తెలియును. ఆనాడు అతనికి వేదికపై ఉపాధ్యాయులతో సమానముగా కుర్చీ వేయవలెను. ఉదయపు గంటకు ఊదిన బొమ్మ సాయంకాలపు గంటవఱకు నిలిచినచో ఉత్తీర్ణము. తెచ్చువారు గాలి తీసి, తేమ లేకుండ, చీటితో తేవలెను. పంపు క్రీడల గదినుండి ఇత్తురు. తండ్రియో అన్నయో ఊదినదానిని తీయుటకు ఇష్టములేనివారు ఉన్నదున్నట్లు తెచ్చి బల్లపై పెట్టవచ్చును, వారికి పరీక్ష లేదు. బిరడా పోయినవారు పాత బొమ్మల బిరడాలను ఇప్పటినుండియే దాచుకొనుట మంచిది, అంగళ్లలో అవి విడిగా అమ్మరు.